‘అక్క ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది’

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. మూడేళ్లుగా అల్జీమర్స్. నేను ఉద్యోగరీత్యా దూరంగా ఉంటాను. అమ్మ దగ్గర మా అక్క (52) ఉంటుంది. బావ పోయాక ఇంటికి వచ్చేసింది. అక్క ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కనుక ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. ఈమధ్య అమ్మను పట్టుకోలేకపోతున్నానంటే ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టాను. ఏడు నెలల్లో ముగ్గురు మారారు. మొదటామె ఎప్పుడూ ఫోన్ చూస్తూ కూర్చునేది. కెమెరాలో చూసి నేనే మాన్పించాను. రెండో ఆమె, రాత్రిళ్లు అమ్మ పడుకోవడానికి ఏదైనా మాత్ర వేద్దామంటే అక్క పంపించేసింది. మూడో ఆమె ‘ఎవరి మాట వినాలో తెలియడం లేదు సార్’ అని వెళ్లిపోయింది. అక్కకు ఎవరూ నచ్చరు. పైగా అమ్మ గదిలో కెమెరా మీద తువ్వాలు కప్పుతోంది. డబ్బుకు వెనకాడను. 24 గంటలూ ఉండే నమ్మకమైన మనిషి కావాలి. ఒకటి రెండు ఏజెన్సీల పేర్లు చెప్పగలరా?

జవాబు: పేర్లు చెప్పను. ఏజెన్సీకి ఎంత పేరున్నా మీ ఇంటికి వచ్చేది ఒక మనిషి. ఆ మనిషి ముగ్గురిలా వెళ్లిపోతుందా, నిలబడుతుందా అన్నది సగం మీ ఇంటి మీదే ఆధారపడి ఉంటుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ జబ్బు గురించి రాశారు, డబ్బు గురించి రాశారు, కెమెరా గురించి రాశారు. అక్క గురించి రాసిందల్లా మూడు ముక్కలు: ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది, ఎవరూ నచ్చరు, తువ్వాలు కప్పుతోంది. ఆ ‘ఎలాగూ’ దగ్గర నాకు కోపం వచ్చింది. దాచుకోను. భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల సమయానికి విలువ ఉండదని మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు. ఆ ఒక్క మాటతో సరిపెడతారు.

తువ్వాలు సంగతి ముందు తేల్చేద్దాం. అమ్మకు స్నానం చేయించి బట్టలు మార్చేది ఆ గదిలోనే కదా? కన్నతల్లిని ఆ స్థితిలో కొడుకు ఫోన్‌లో చూడకూడదని అక్క కప్పింది. మతి తప్పింది గానీ అమ్మకు మానం పోలేదు. కెమెరా పెట్టేముందు అక్కను ఒక్కమాట అడిగి ఉంటే హాల్లోనో, వీధి తలుపు దగ్గరో పెట్టమని ఆవిడే చెప్పేది. ఈ జబ్బులో తలుపు తీసుకుని వెళ్లిపోవడం మామూలే కాబట్టి అక్కడైతే పనికొస్తుంది కూడా.

‘అక్కకు ఎవరూ నచ్చరు’ అన్నారు. లెక్క చూడండి. మొదటామెను మాన్పించింది మీరు. మర్నాడు పొద్దున అమ్మతో ఒంటరిగా మిగిలింది అక్క. ఆ సంగతి ఆవిడకు ముందు చెప్పారా? రెండో ఆమెను పంపించేసి అక్క మీకు పెద్ద మేలు చేసింది. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతి తప్పే జబ్బు) ఉన్న పెద్దవాళ్లకు డాక్టరు చెప్పకుండా మత్తు మాత్రలు వేయడం ప్రమాదం. పడిపోతారు, అయోమయం ఇంకా పెరుగుతుంది. ఆందోళన తగ్గించడానికి వాడే కొన్ని మానసిక వ్యాధుల మందులు ఇలాంటి వృద్ధుల్లో మరణాల ముప్పు పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అక్క ఇవేమీ చదివి ఉండకపోవచ్చు. అమ్మను చూస్తూ ఉంది కనుక తెలిసింది. ఇక మూడో ఆమె, పాపం, ఉన్న మాట చెప్పి వెళ్లింది. మీరు ఫోన్‌లో ఒకటి చెబితే అక్క పక్కనుంచి ఇంకోటి చెబుతుంది. ఇద్దరు యజమానుల కింద ఎవరు నిలుస్తారు?

మా అత్తగారికి ఇదే జబ్బు. ఆరేళ్లు చూశాను. సాయంత్రం అయ్యేసరికి చేతిసంచి పట్టుకుని ‘మా ఇంటికి పోతాను’ అని బయల్దేరేవారు. పొద్దువాలుతుంటే గాభరా పెరగడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని తర్వాత తెలిసింది. మొదట్లో ‘ఇదే మీ ఇల్లు’ అని వాదించేదాన్ని. వాదించిన కొద్దీ ఏడ్చేవారు. ఒకరోజు విసిగిపోయి ‘పదండి’ అని సంచి నేనే అందుకున్నాను. గేటు దాకా వెళ్లి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చాం. ఇల్లు చేరామనుకున్నారు. ఆ తర్వాత రోజూ అంతే. దూరాన ఉన్న మా ఆడపడుచు వారం వారం ఫోన్ చేసి ‘అమ్మ నన్ను తలచుకుందా?’ అని అడిగేది. నువ్వెలా ఉన్నావు వదినా అని ఒక్కసారి అడిగితే, గేటు సంగతి చెప్పేదాన్ని.

మీ అక్క దగ్గరా ఇలాంటివి వంద ఉంటాయి. ఏ వైపు నుంచి పిలిస్తే అమ్మ ఉలిక్కిపడదు, నీళ్లు ఎలా పోస్తే గొడవ చేయదు, వస్తువు కనబడక దొంగతనం అంటగట్టినప్పుడు కలిసి వెతకాలా, మాట మార్చాలా. ఏ ఏజెన్సీ శిక్షణలోనూ మీ అమ్మ గురించి ఇది దొరకదు. కాబట్టి ఏజెన్సీతో మాట్లాడాల్సింది అక్క. మనిషిని ఒప్పుకునేది, వద్దనేది కూడా ఆవిడే. మీరు డబ్బు కట్టండి, ఒప్పందం కాగితాలు చదవండి. డబ్బు చిన్న విషయమని అనను, అది లేక నలిగిపోతున్న ఇళ్లు నాకు తెలుసు. అయితే డబ్బు కట్టినంత మాత్రాన ఇంటి పెత్తనం రాదు.

అక్క అడగాల్సినవి కొన్ని చెబుతాను. వచ్చే మనిషికి జీతం ఇచ్చేది ఏజెన్సీయా, లేక మనిషిని చూపించి కమిషన్ తీసుకుని తప్పుకుంటారా? రెండో రకమైతే రేపు ఏదైనా జరిగితే ‘మాకు సంబంధం లేదు’ అంటారు. ఆమె రాని రోజు ఎవరు వస్తారు, ఎన్ని గంటల్లో? గుర్తింపు పత్రాలు, పాత చోట్ల వాకబు కాగితం మీద చూపిస్తారా? డిమెన్షియా ఉన్నవాళ్లను ఇదివరకు ఎవరినైనా చూసిందా? ‘స్నానం వద్దని మొండికేస్తే ఏం చేస్తావు?’ అని ఆమెనే అడగమనండి. ‘ఎలాగోలా చేయించేస్తా’ అంటే వద్దు. ‘కాసేపాగి మళ్లీ అడుగుతా’ అంటే ఆలోచించవచ్చు. అన్నిటికన్నా నాకు నమ్మకం కలిగించేది వాళ్లు అడిగే ప్రశ్నలు. రేటు చెప్పకముందే అమ్మ ఎలా పడుకుంటారు, మింగడం కష్టమవుతోందా, వినికిడి ఎలా ఉంది అని అడిగే ఏజెన్సీ కాస్త నయం.

24 గంటల మనిషి అన్నారు. అలాంటి మనిషి ఉండదు. రాత్రి నాలుగుసార్లు లేచే పేషెంటును చూసినామె పగలు ఫోన్ చూస్తూ కునికిపాట్లు పడుతుంది. మీ కెమెరాకు చిక్కింది అదేనేమో! పగలొకరు, రాత్రొకరు పెట్టుకోండి. కుదరకపోతే రాత్రికే పెట్టండి, అక్క ముందు నిద్రపోవాలి. వచ్చినామె మొదటి నాలుగైదు రోజులు అక్క పక్కనే ఉండి నేర్చుకోవాలి. ముఖాలు తరచూ మారితే అమ్మ భయపడుతుంది కాబట్టి మొదటి తప్పుకే మాన్పించేయకండి. కొట్టడం, కట్టేయడం, మత్తు ఇవ్వడం మాత్రం ఒక్కసారైనా క్షమించొద్దు.

ఇంకో సంగతి. అమ్మను పట్టుకోలేకపోవడం ఈమధ్యే మొదలైందంటున్నారు. ఒకటి రెండు రోజుల్లో తేడా వచ్చి ఉంటే మూత్రంలో ఇన్ఫెక్షన్, నీళ్లు చాలకపోవడం, మలబద్ధకం, కొత్త మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఏజెన్సీ సంగతి తర్వాత.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రెండు వారాలు సెలవు పెట్టి వెళ్లండి. అక్కను ఎక్కడికైనా పంపించండి, ఆవిడకు వెళ్లాలనిపించిన చోటికి. మొదటి మూడు రోజులు పక్కనుండి అన్నీ నేర్పమనండి, తర్వాత అమ్మా మీరూ ఉండండి. స్నానం దగ్గర ఒక ఆడమనిషి సాయం తీసుకోండి. ఇప్పుడే ఫోన్ చేసి తేదీ చెప్పండి. అమ్మను చూడటానికి వస్తున్నానని చెబితే ఆవిడ మీకు పక్క సర్దే పనిలో పడుతుంది. ‘నువ్వు వెళ్లిరా అక్కా, నేనుంటాను’ అనండి. ఆవిడ వెంటనే నమ్మదు. టికెట్ తీసి పంపండి.