మార్కస్ మెడలో బ్యాడ్జి

బాబూ,

నీ కథ అంది మూడు వారాలైంది. మేడమ్ అని రాశావు. మా తెనాలి వైపు ఈ వయసు ఆడమనిషిని పిన్ని అంటారు, నువ్వూ అలాగే పిలు. మొదటిసారి చదివి పక్కన పడేశాను. రెండోసారి చదివితే కోపం ఇంకాస్త పెరిగింది గానీ తొమ్మిదో పేజీలో ఒక చోట ఆగిపోయాను. ఆ ఒక్క చోటు లేకపోతే "బాగుంది, రాస్తూ ఉండు" అని రెండు లైన్లు గీకి ఊరుకునేదాన్ని.

ముందు కోపం సంగతి. పద్నాలుగు పేజీల కథ. డాలస్‌లో మన కుర్రాడు, అదే కాలనీలో ఉండే అతని ఆఫీసు స్నేహితుడు మార్కస్. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు 9 నిమిషాల 29 సెకన్లు మోకాలు వేసి నొక్కిన వీడియో చూసి నీ హీరో ఏడుస్తాడు. కార్లో ఏడుస్తాడు, బాత్రూములో ఏడుస్తాడు, పెరుగన్నం ముందు కూర్చుని ఏడుస్తాడు. "మీది ఎంత వెన్నలాంటి మనసండీ" అని భార్య కళ్ళొత్తుకుంటుంది. చివర్న మార్కస్ ఇంటికెళ్ళి, కరోనా సంగతి కూడా మర్చిపోయి, అతన్ని కావలించుకుంటాడు. పద్నాలుగు పేజీల్లో మార్కస్ మాట్లాడింది ఎంత? లెక్కపెట్టాను. "థాంక్యూ బ్రదర్." రెండు మాటలు. నీ హీరో కన్నీళ్ళకి తుండుగుడ్డ అందించడానికి పుట్టాడా అతను?

పైగా ఆ వాక్యం ఒకటి: "నాకు రంగు కనిపించదు, మనిషే కనిపిస్తాడు." పట్టుచీర కొనేటప్పుడు కనిపిస్తుందా? సంబంధాల ఫొటోలు వచ్చినప్పుడు కనిపిస్తుందా? రంగు కనిపించదని చెప్పుకోగలగడం కూడా ఒక వెసులుబాటేనయ్యా. మార్కస్ ఆ మాట అనగలడేమో అడుగు.

ఇప్పుడు తొమ్మిదో పేజీ. "ఆఫీసు మూతపడి రెండు నెలలైనా, సాయంత్రం మా వీధిలో వాకింగ్‌కి వచ్చేటప్పుడు మార్కస్ మెడలో ఆఫీసు బ్యాడ్జి వేసుకునే వచ్చేవాడు. పాపం, ఆఫీసు మీద బెంగ కాబోలు." ఇది బాగుంది. నువ్వు కళ్ళతో చూసింది కాబట్టి బాగుంది. కానీ ఆ బెంగ ఏమిటని ఒక్కసారైనా అడిగావా?

అదే ఏడాది ఫిబ్రవరిలో జార్జియాలో అమాద్ ఆర్బరీ అనే పాతికేళ్ళ కుర్రాడు జాగింగ్‌కి వెళితే ముగ్గురు తెల్లవాళ్ళు ట్రక్కులేసుకుని వెంటాడారు. ఒకడు కాల్చి చంపాడు. వీడియో మే నెలలో బయటికొచ్చింది. కర్టెన్ పక్కకి జరిపి చూసేవాళ్ళకి "నాకు ఉద్యోగం ఉంది, నేను ఇక్కడివాణ్ణే" అని చెప్పడానికి మార్కస్‌కి ఆ ప్లాస్టిక్ ముక్క కావాలేమో. నీ హీరో అదే వీధిలో లుంగీ కట్టుకుని, స్పీకర్ పెట్టి గుంటూరు ఫోన్ మాట్లాడుతూ తిరుగుతాడు. నీ కథంతా ఆ రెండు నడకల్లో ఉంది. నువ్వు చూసి కూడా ఒక జోకు వేసి దాటిపోయావు.

మనకి ఏమీ కాదని కూడా అనుకోకు. 2015లో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన పెద్దాయన ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే, ఎవరో సన్నటి నల్లవాడు తిరుగుతున్నాడని పొరుగున ఒకరు పోలీసులకి ఫోన్ చేశారు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, వెన్నెముక దెబ్బతింది. ఆ వారం మా ఊరి పార్టీలో ఒకాయన ప్లేటు చేత్తో పట్టుకుని అన్నాడు, "చూశారా అన్యాయం, మనవాణ్ణి పట్టుకుని నల్లవాడు అనుకున్నారు!" బిర్యానీ తింటూ అందరం తలూపాం. నేనూ ఊపాను. మా బాధ దేని గురించో ఇంటికొచ్చాక గానీ వెలగలేదు.

నా చెవి తెరుచుకున్న కథ ఒకటి చెప్పనీ. 1979లో డెట్రాయిట్ వచ్చాను. బియ్యం ఎక్కడ దొరుకుతాయో చెప్పక ముందే మనవాళ్ళిచ్చిన సలహా, "8 మైల్ రోడ్డు దాటి దక్షిణానికి వెళ్ళొద్దు, నల్లోళ్ళ ఏరియా." ఒక ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ. నాతోపాటు ఒక నల్లజాతి ఆవిడ. ఒకసారి భోజనం బాక్సులు తెరిచి కూర్చున్నాం. వాళ్ళబ్బాయికి పదహారు, కొత్తగా లైసెన్సు వచ్చింది. పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాలి, వేళ్ళు విప్పి ఉంచాలి, జేబు జోలికి పోకూడదు అని వంటగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ప్రాక్టీసు చేయించిందట. నేనేమన్నానో తెలుసా? "అందరినీ ఆపుతారుగా, మా ఆయన్నీ ఆపారు, టికెట్ ఇచ్చి పంపేశారు."

ఆవిడ బాక్సు మూత పెట్టేసింది. తర్వాత రెండేళ్ళు మా మధ్య శాంపిల్స్ గురించి, మంచు గురించి తప్ప మాట లేదు. నేను చెడ్డగా ఏమన్నానో నాకు అర్థం కాలేదు కూడా.

రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి తనే అడిగింది, "మీ దేశంలో మనుషుల్ని ఇలా విడదీయడం ఉందా?" తడుముకోకుండా "లేదు" అన్నాను. తెల్లవారుజామున కారు నడుపుతుంటే మా ఇంటి వెనక వసారా గుర్తొచ్చింది. గూట్లో బోర్లించిన సత్తు గ్లాసు. మాల పాలేరు ఒకాయన దాన్ని తీసుకుని కింద పెట్టేవాడు, నేను పైనుంచి మజ్జిగ పోసేదాన్ని, ఆయనే కడిగి మళ్ళీ గూట్లో పెట్టేవాడు. ఏడెనిమిదేళ్ళపాటు నా చేత్తో పోశాను. అది విడదీయడమని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఎందుకు తడుతుంది? నా గ్లాసు వంటింట్లో ఉండేది.

మర్నాడు రాత్రి ఆవిడకి చెప్పాను. వింది. మధ్యలో "మా దగ్గరా అంతే" అనలేదు. "నువ్వు మంచిదానివిలే" అనలేదు. నేను ఆగిపోయినప్పుడు తనూ ఆగింది. వినడమంటే ఏమిటో ఆ రాత్రి ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళబ్బాయి సంగతి మళ్ళీ చెప్పడానికి ఇంకో ఆరునెలలు పట్టింది.

నీ ప్రశ్నలు అయిదింటిలో రెండింటికి జవాబు చెప్తాను. మిగతావి నాకంత ముఖ్యమనిపించలేదు.

"ప్రివిలేజ్"ని తెలుగులో ఏమనాలి? పత్రికల్లో ఆధిక్యత, ఆధిపత్యం, విశేషాధికారం అని రాస్తారు. అవన్నీ కిరీటం పెట్టుకున్న మాటలు. చదివే తెల్లాయన "నా దగ్గర అధికారం ఏముంది, నేను ట్రక్కు డ్రైవర్ని" అంటాడు. నేను వెసులుబాటు అంటాను. కుదరనప్పుడు ప్రివిలేజ్ అనే రాయి, తెలుగు మైలపడదు. 1988లో పెగీ మెకింతాష్ అనే తెల్ల ప్రొఫెసరు తనకి అడగకుండానే అమరిన వెసులుబాట్లు జాబితా రాసింది. దుకాణంలో తన వెనకాల ఎవరూ కాపలా తిరగరు, "ఒంటి రంగు" అని అమ్మే బ్యాండేజీ తన ఒంటికి సరిపోతుంది, అలాంటివి. ఆడవాళ్ళకి అన్యాయం జరుగుతోందని ఒప్పుకునే మగ ప్రొఫెసర్లు దానివల్ల తమకి లాభం కలిగిందంటే మాత్రం ఒప్పుకోకపోవడం చూసి, మరి నా సంగతేమిటి అని మొదలుపెట్టిందట. మా మజ్జిగ గ్లాసు ముందు కూర్చుని రాసినట్టుంటుంది.

రెండోది, పేద తెల్లవాళ్ళకి వెసులుబాటు ఎక్కడుంది అన్నావు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ఇళ్ళకి, పొలాలకి, వ్యాపారాలకి ప్రభుత్వం హామీ ఉండి అప్పులిప్పించింది. 1947లో మిసిసిపీలోని పదమూడు ఊళ్ళలో అలాంటి అప్పులు 3,229 ఇస్తే నల్లజాతి సైనికులకి వచ్చినవి రెండు. రెండు వేలు కాదు నాయనా, రెండు. తీసుకున్న తెల్ల సైనికుడూ పేదవాడే, ఎవరినీ తిట్టి ఉండడు. కానీ మనవడి చదువు దాకా ఆ ఇల్లు కాసింది.

మా డెట్రాయిట్‌లో 1941లో కట్టిన గోడ ఇప్పటికీ ఉంది. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడుగు. నల్లవాళ్ళ పేట పక్కన తెల్లవాళ్ళకి ఇళ్ళు కడతానని బిల్డరు వెళితే, పక్కన వాళ్ళుంటే అప్పుకి హామీ ఇవ్వమంది ప్రభుత్వ సంస్థ. మధ్యలో గోడ కట్టాక ఇచ్చింది. ఇప్పుడు దాని మీద రంగురంగుల బొమ్మలు వేసి ఉన్నాయి. చేత్తో తడిమి చూశాను, మామూలు కాంక్రీటు. మనం "మంచి స్కూల్ డిస్ట్రిక్ట్" అని వెతికి వెతికి ఇల్లు కొంటామే, స్కూలు డబ్బులో చాలా చోట్ల పెద్ద భాగం ఆ ఊరి ఇంటి పన్నులదే. ఏ ఇంటికి విలువ పెరగాలో, నల్లవాళ్ళ పేటలకి అప్పులివ్వొద్దని ఎప్పుడో మ్యాపులో ఎర్ర రంగు వేసి తేల్చేసిన దేశంలో, నీ హీరో పిల్లాడి స్కూలుకి పదికి తొమ్మిది రేటింగ్ ఊరికే వచ్చిందా?

మనమేదో మధ్యన నిలబడి న్యాయం చెప్పేవాళ్ళమని కూడా అనుకోవద్దు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ ఆయన పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, నేను ఉన్నత కులపు ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని వాదించాడు. కోర్టు కాదు పొమ్మంది. ఆ తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళకీ ఊడబీకారు. 1946 నుంచి ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా. మనలాంటివాళ్ళకి తలుపు తీసిన చట్టం మీద 1965 అక్టోబర్ 3న సంతకం పడింది. నల్లవాళ్ళు అలబామాలోని సెల్మాలో దెబ్బలు తిని సాధించిన ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకి. ఆ గాలి లేకపోతే ఇది కదిలేదా? నీ హీరో కన్నీళ్ళ కంటే ఈ బాకీ సంగతి ఒక లైను రాసి ఉంటే బాగుండేది.

నా మొదటి కథ ఆ ల్యాబు ఆవిడ గురించే. ఒక వారపత్రికకి పంపితే "మన పాఠకులకి నల్లవాళ్ళ గొడవ ఎందుకమ్మా, అమెరికాలో ఆవకాయ గురించి రాయండి" అని తిప్పి పంపారు. ఇంకో ఎడిటరుగారు వేశారు, వేసి చివర్న ఒక పేరా తనే కలిపారు. ఆవిడ రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం పెట్టి "మీ సంస్కృతి గొప్పది" అంటుంది! నలభై ఏళ్ళయినా ఆ పేజీ చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు పోటీల వాళ్ళకి కన్నీళ్ళు కావాలి, "మానవత్వం పరిమళించింది" అని బహుమతి ఇవ్వడానికి. నీ కథకి కూడా ఇస్తారు చూడు. తీసుకో, కానీ ఆ మెచ్చుకోలు నమ్మొద్దు.

ఇంకోటి. నీ కథలో అందరూ "ఆఫ్రికన్ అమెరికన్ సోదరుడు" అంటారు. మన ఇళ్ళలో ఎవరంటారు ఆ మాట? నల్లోడు అంటాం. మన కుర్రాళ్ళకి "కల్లూ" అని కోడ్ మాట ఒకటి. మార్కస్ గుమ్మం దాటగానే నీ హీరో భార్య ఏమంటుందో నీకు తెలుసు, నీ చెవుల్లో ఉంది. కడిగేసి రాశావు. ఆ మాట రాయి, రాసి పక్కన వ్యాఖ్యానం చేయకుండా వదిలెయ్.

ఆరునెలలు కథలు ఆపు. ఒక నోటుబుక్కు కొని, ఎదుటివాళ్ళన్న మాట అన్నట్టే రాసుకో. నీ అభిప్రాయం ఒక్క ముక్క కలపకు. నా దగ్గర అలాంటివి నలభై దాకా ఉన్నాయి, నా కథలన్నిటికంటే అవే బాగుంటాయి. అలాగని రేపే మార్కస్ దగ్గరికెళ్ళి "నీ బాధలు చెప్పు, రాసుకుంటాను" అనకు. నీకు పాఠం చెప్పడం అతని డ్యూటీ కాదు. వాకింగ్‌కి వెళ్ళు. పక్కన నడువు. చెప్తే విను, చెప్పకపోతే క్రికెట్టో బేస్‌బాలో మాట్లాడుకోండి.

కాగితాలు విడిగా పోస్టులో పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో బ్యాడ్జి దాకా పెన్సిల్‌తో గీశాను, "పాపం" నుంచి కొట్టేశాను. పన్నెండో పేజీ మీద టీ ఒలికింది, ఏమనుకోకు.

మీ పిన్ని