శనగ గుబురుగా పెరిగి కాయ తక్కువ పట్టడం గురించి

పశువుల ఎరువు వేసిన మడిలో కాయ బాగుంది, యూరియా వేసిన మడిలో ఆకే పెరిగింది, విత్తనం తప్పా అని అడిగారు కదా. యూరియా ఎక్కువైంది, విత్తనం తప్పు కాదు. బొబ్బిలి గరువులో రెండు మడుల్లోనూ మీరు వేసింది ఒకే జేజీ-11 రకం శనగ. శనగ స్వపరాగ సంపర్క పంట (తన పుప్పొడితోనే కాయ కడుతుంది), ఒకే రకంలో జన్యు తేడా పెద్దగా ఉండదు. పశువుల ఎరువు మడిలో కాయ బాగుండి, యూరియా మడిలో ఆకే మిగిలిందంటే తేడా ఎరువుదే. తడి కూడా ఎక్కువ ఇచ్చుంటే చెప్పక్కర్లేదు.

అందరూ వదిలేసేది రైజోబియం, అంటే వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా. మన వైపు వరి కోశాక మినుము, పెసర చల్లుతాం. వాటి బాక్టీరియా శనగకు పనికిరాదు. శనగ కొత్తగా వేసే నేలలో శనగ కల్చరే (ప్యాకెట్‌లో అమ్మే శనగ రైజోబియం) కావాలి. షాపులో ఏదో ఒక పప్పుల ప్యాకెట్ ఇస్తే తీసుకోకండి, పైన పంట పేరు చూడండి.

1. పూతకు ముందు నాలుగు మొక్కలు తవ్వి తీయండి, పీకొద్దు. వేరు మీది బుడిపె కోస్తే లోపల గులాబీ రంగుంటే రైజోబియం పనిచేస్తున్నట్టే. తెల్లగా ఉంటే లేదు.
2. వచ్చే ఏడు ముందు విత్తనానికి శిలీంద్రనాశిని పట్టించి ఆరనివ్వండి. విత్తే ముందు బెల్లం నీళ్లతో కల్చర్ కలిపి నీడలో ఆరబెట్టండి.
3. ఎకరాకు దుక్కిలో బస్తా డీఏపీ చాలు. పైపాటుగా యూరియా వద్దు.
4. రకాలు పోల్చాలంటే అన్నింటికీ ఒకే ఎరువు వేయండి. కాయల సంఖ్య ఎరువును బట్టి బాగా మారుతుంది, 100 గింజల బరువు అంతగా మారదు. గట్టు పక్క మొక్కలు లెక్కించకండి.