పాత రేడియేషన్ లెక్క తిరగదోడేటప్పుడు

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. నరసరావుపేట పెద్దాయన వెన్నుకు మళ్ళీ రేడియేషన్ ఇవ్వాలనీ, అప్పుడు ఎక్కడ ఎంత ఇచ్చారో చెప్పే పాత ప్లాన్ ఎక్కడా లేదనీ, మిగిలింది సంచీడు ఫిల్ములేననీ రాశావు. పాత స్కాన్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి రంగుల డోసు గీతలు గీసేయాలని నీ తొందర. కాస్త ఆగు.

ముందు కాగితం వెతుకు. డిశ్చార్జి సమ్మరీలో ‘20 గ్రే, 5 సిట్టింగులు’ (గ్రే అంటే డోసు కొలత) అన్న ఒక్క ముక్క దొరికినా సగం పని అయినట్టే. ఆ 20 ఎంత లోతులో లెక్కకట్టారన్నది మిగతా సగం. కోబాల్టు మిషనుతో 80 సెంటీమీటర్ల దూరం నుంచి వీపు మీద 10×10 సెంటీమీటర్ల ఫీల్డు, అంటే కిరణం పడే చోటు, వేస్తే, అర సెంటీమీటరు లోతున నూరుండే డోసు 5 సెంటీమీటర్లకు 79 దగ్గరికి పడిపోతుంది. అంటే 5 సెంటీమీటర్ల దగ్గర 20 అని రాసుకుంటే, పైన 25 దాటిందన్నమాట. వెన్నుపాము అంతకన్నా పైనే ఉంటే దానికీ ఎక్కువే అందింది.

ఫీల్డు అంచులు సిమ్యులేటర్ ఫిల్ము మీద, అంటే చికిత్సకు ముందు గుర్తుల కోసం తీసిన ఎక్స్‌రే మీద, దొరుకుతాయి. కానీ ఫిల్ము పెద్దది చేసి చూపిస్తుంది. కిరణం పుట్టిన చోటి నుంచి శరీరం 100, ఫిల్ము 140 సెంటీమీటర్లలో ఉంటే, ఫిల్ము మీద 14 కొలిచింది ఒంట్లో 10. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనిది మరిచి, ఫీల్డును ఒక వెన్నుపూస పొడవు పెంచేశాను. పెద్ద ఫిజిసిస్టు ఏమీ అనలేదు, స్కేలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఫిల్ము చెడిపోతే ఎం.ఆర్.ఐ. చూడు. రేడియేషన్ తగిలిన పూసల్లో మజ్జ కొన్ని నెలలకు కొవ్వుగా మారుతుంది. టీ1 అనే రకం ఎం.ఆర్.ఐ. చిత్రంలో ఆ పూసలు తెల్లగా, పక్కవి మామూలుగా, మధ్యన కత్తితో కోసినట్టు అంచు. ఇంతకన్నా నిజాయితీ గల సాక్షిని నేను చూడలేదు. వ్యాధి ఉన్న పూస నల్లగా కనిపిస్తుంది, దాన్ని చూసి అంచు జరపకు.

అప్పట్లో ఆయనను బోర్లా పడుకోబెట్టి ఉండవచ్చు, అడుగు. స్కాన్లను పూసకు పూస సరిచూడు. రెండు స్కాన్లను కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పెట్టి, కండను సాగదీసి అతికించే రిజిస్ట్రేషన్ మరీ అందంగా కుదురుతుంది, నా అనుమానమంతా అందుకే.

రిపోర్టులో ఒకే అంకె వేయకు. వెన్నుపాముకు ఆల్ఫా-బీటా (రోజువారీ డోసు పెరిగితే కణజాలం ఎంత దెబ్బతింటుందో చెప్పే అంకె) 2 అనుకుంటే, 5 సిట్టింగుల్లో 20 గ్రే అంటే రోజుకు 2 గ్రే చొప్పున ఇచ్చిన 30తో సమానం. అదే వెన్నుపాము పైన ఉండి 22 అందితే 35. ఈ రెండూ రాసి డాక్టరు గారి ముందు పెట్టు.

శనివారం నేనే విజయవాడ వస్తాను. వ్యూబాక్సు దుమ్ము దులిపి ఉంచు. మీ ఎండకు ఫిల్ములు అంటుకుపోయి ఉంటాయి, నేను వచ్చేదాకా లాగకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు