అది పరాష్కమా, ఎగతాళా?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ. బర్మింగ్‌హామ్ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసులో నామీద జోకులేస్తున్నారు. నవ్వాలో, కంప్లైంట్ ఇవ్వాలో అర్థమైతలేదు.

తమ్మీ, కంప్లైంట్ సంగతి తర్వాత. మధ్యాహ్నం ఎవరితో కూర్చొని తింటున్నవు? నాకు దిగులంతా అక్కడే.

మాది కల్వకుర్తి. 2010 అక్టోబరులో ఇక్కడ దిగాను. మీకైతే ఇప్పుడు అన్నీ ఫోన్‌లో దొరుకుతున్నాయి, ఎయిర్‌పోర్టుకు కూడా ఎవరో ఒకరు వస్తున్నారు. మాకు అదేం లేదు. మొదటి వారం చలికి ఆగలేక, అమ్మ సూట్‌కేసులో పెట్టిన మంకీ టోపీ మెడదాకా లాక్కొని ఆఫీసుకు పోయాను. పక్క సీటాయన చూసి, “ఏంటి, బ్యాంకు దోచుకొని వస్తున్నావా?” అన్నాడు. నేను నిలబడి వివరంగా జవాబిచ్చాను. “లేదు సార్, బ్యాంకుకు ఇంకా పోలేదు. అడ్రస్ ప్రూఫ్ లేదని అకౌంట్ తెరవనిస్తలేరు” అని. గది గదంతా ఒకటే నవ్వు.

నాకది ఎగతాళిగా తగిలింది. మూడు వారాలు డబ్బా పట్టుకొని మెట్ల మీద ఒక్కణ్నే కూర్చొని తిన్నాను. జొన్నరొట్టె ఎక్కడిది, బ్రెడ్డు ముక్కకే పల్లిపొడి అద్దుకునేది. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే మా బావ, “ఏం లండన్ దొరా, బుక్కెడు బువ్వ దొరికిందా?” అనేటోడు. బావ అంటే నవ్వొచ్చింది, పక్క సీటాయన అంటే కోపమొచ్చింది. ఇద్దరిదీ ఒకటే బాపతని తెలుసుకునే లోపు మూడు వారాలు మెట్ల పాలు.

మనవైపు పరాష్కం అంటాం, పుస్తకాల్లో పరాచికం. బావాబామ్మర్దులు ఆడుకునేది అదే. అన్నవాడు నీ జవాబు కోసం కాచుకొని ఉంటాడు. ఎగతాళికి జవాబు అక్కర్లేదు, చుట్టూ నవ్వేవాళ్లుంటే చాలు. హేళన పనే నిన్ను తక్కువ చేయడం. వెటకారం మాటలో కాదు, గొంతులో ఉంటుంది: ఆలస్యంగా పోయినవాణ్ని “అప్పుడే వచ్చినవా, ఇంకింత సేపు పండుకోకపోయినవా” అన్నట్టు. ఇక్కడ దాన్ని సార్కాజం అంటారు, గ్రీకులో ఆ మాటకు మూలం మాంసం చీల్చడం. ఎద్దేవా ఎక్కువగా పేపర్లలో నాయకులు చేసుకునేది. వ్యంగ్యాన్ని మాత్రం వీటిలో కలపకు. 9వ శతాబ్దంలో సంస్కృత కావ్యశాస్త్రం రాసిన ఆనందవర్ధనుడు చెప్పిన వ్యంగ్యానికి వెక్కిరింపుతో పనిలేదు, మాట వెనుక స్ఫురించే అర్థం అది. ఎత్తిపొడుపు దాకా దించింది మనమే.

ఇక్కడివాళ్లు బ్యాంటర్ అనేది మన పరాష్కమే. పోల్చుకునే గుర్తు నేను సొంతంగా పట్టింది: మాట అన్నాక నీ మొహం చూస్తే పరాష్కం. నిన్నొదిలి పక్కవాడి మొహం చూస్తే ఎగతాళి.

అది తెలిశాక నాకు ధైర్యం ఎక్కువైంది. ఓ రోజు టీ దగ్గర ఒక పెద్దాయనతో, “ఏం తాతా, ఇంకా రిటైర్ కావా?” అన్నాను. మా ఊళ్లో అది పలకరింపు. ఆయన కప్పు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మరునాడు హెచ్‌ఆర్ పిలుపు. వయసు, జాతి, మతం, వైకల్యం మీద వేసే జోకులు వేధింపు కిందికి రావచ్చట. అట్లా చెప్పే ఇక్కడి 2010 సమానత్వ చట్టం నేను దిగిన నెలలోనే అమల్లోకి వచ్చింది! ‘ఊరికే అన్నాను’ అంటే చెల్లదు, ఎదుటివాడికి ఎట్లా తగిలిందో కూడా చూస్తారు. మిగతా రూల్స్ నెట్‌లో ఉన్నాయి, చదువుకో. నీ రంగు మీదో, దేశం మీదో ఎవరైనా అంటే తేదీతో సహా రాసిపెట్టుకొని పైవాళ్లకు చెప్పు.

పెద్దాయనకు సారీ చెప్పడానికి భయపడుతూ పోయాను. తల ఎత్తకుండానే, “అకౌంట్ తెరిచారా మరి?” అని అడిగాడు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యే దాకా మధ్యాహ్నం తిండి ఒకే బల్ల దగ్గర. ఇప్పుడు క్రిస్మస్ పార్టీలో మైకు నా చేతికే ఇస్తారు, అది వేరే సంగతి.

రేపు డబ్బా తీసుకొని పెద్ద బల్ల దగ్గరికి పో. పల్లిపొడి కొంచెం ఎక్కువే పెట్టుకో, అడుగుతారు.