ఫొటోలు బ్లర్ అవుతున్నాయని కెమెరా బాడీ మార్చకండి

ఇంట్లో పాప ఆడుకుంటుంటే తీసిన ఫొటోలన్నీ బ్లర్ అవుతున్నాయి, ఉన్నది కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్, కొత్త బాడీ కొనాలా అని అడిగారు కదా, అప్పుడే వద్దండి. మీరు పెట్టిన ఫొటోలో సోఫా అంచు, కర్టెన్ మీది గళ్లు షార్ప్‌గానే ఉన్నాయి, పాప చెయ్యి ఒక్కటే చెదిరింది. అంటే మీ చెయ్యి వణకలేదు, షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని మూసుకునే వేగం) చాల్లేదు. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మన వణుకునే ఆపుతుంది, పిల్లల పరుగుని కాదు.

షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ స్పీడ్ మనమే ఎంచుకునే మోడ్) 1/250 సెకను పెట్టి ఐఎస్ఓని (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో వదిలేయండి, గరిష్ఠం 6400 ఇవ్వండి. గ్రెయిన్ (ఫొటోలో సన్నని చుక్కలు) వస్తుంది, రానివ్వండి, దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు గానీ కదిలిపోయిన ముఖాన్ని బాగుచేయడం కష్టం. జూమ్ మాత్రం వాడకండి, 55కి వెళ్లేసరికి లెన్స్ రంధ్రం ఎఫ్/3.5 కాస్తా ఎఫ్/5.6 అయి (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) సగానికి పైగా వెలుతురు పోతుంది.

అప్పటికీ ఏదో ఒకటి కొనాలని చేతులు దురద పెడితే (పెడతాయి, తెలుసు) 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ చూడండి, ఎఫ్/5.6తో పోలిస్తే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు. 50 ఎంఎం చౌకే గానీ మీది ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) అయితే అది ఫుల్ ఫ్రేమ్ మీద 75-80 ఎంఎం లా, అంటే జూమ్ చేసినట్టు పనిచేస్తుంది, చిన్న గదిలో వీపు గోడకి ఆనించి తీయాల్సి వస్తుంది.