‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అని అడిగితే

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తణుకు, ఎరువుల షాపు నడుపుతాను. మా అమ్మాయి విశాఖలో బీటెక్ ఈసీఈ మూడో ఏడాది చదువుతోంది, మార్కులు బాగానే వస్తాయి. చదువయ్యాక అమెరికాలో ఎంఎస్ డేటా సైన్స్ చేయిద్దామని 40 లక్షల దాకా లోన్ కూడా మాట్లాడి ఉంచాను. తనేమో అంతరిక్ష నౌకలు ఎప్పుడు ఎక్కడ ఉన్నాయో ఆ లెక్కల ఫైళ్లు భద్రపరిచే పని నేర్చుకుంటానంటోంది. ‘స్పైస్’ అట. మొదట మసాలాల కంపెనీ అనుకున్నాం. తను లేనప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే అన్నీ అంకెలే. ఇది గుమాస్తా పని కాదా? మా బావమరిది కొడుకు డేటా సైన్స్ చేసి డాలస్‌లో స్థిరపడ్డాడు. రెండింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి. అడిగినవాళ్లకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. ముందు మీ చివరి వాక్యం సంగతి చూద్దాం. మీ బెంగంతా అక్కడే ఉంది. ఇదే బెంగ ఏటా నా దగ్గరికి నాలుగైదు పేర్లతో వస్తుంది. ఒకాయనకి కూతురి యాక్చువేరియల్ సైన్స్, ఇంకొకావిడకి కొడుకు చదువుతానన్న భాషాశాస్త్రం. డాక్టరు, ఇంజనీరు, సాఫ్ట్‌వేరు, బ్యాంకు... ఈ మాటల్లో ఇమడని పని ఏదైనా సరే, పెళ్లి భోజనాల దగ్గర పక్క కుర్చీ ఆయన అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేం. చెప్పలేకపోతే అది ఉద్యోగమే కాదేమో అని భయం పట్టుకుంటుంది.

అందుకే ముందుగా ఆ ఒక్క ముక్క మీ చేతికి ఇచ్చేస్తాను. ‘మా అమ్మాయి చంద్రుడి దగ్గరికి, గ్రహాల దగ్గరికి వెళ్లిన నౌకల సర్వే రికార్డుల పని నేర్చుకుంటోంది’ అనండి.

సర్వే అని ఊరికే అనలేదు. గట్టు తగాదా వస్తే సర్వేయరు ముందు ఎఫ్‌ఎంబీ తీయిస్తాడు కదా, అదే పొలాల కొలతల పుస్తకం. ఎప్పుడో గొలుసులు పట్టి కొలిచినవాళ్లు ఇప్పుడు లేరు, ఆ గొలుసులూ లేవు. ఏ రాయి నుంచి ఏ రాయికి ఎన్ని లింకులో రాసిపెట్టిన కాగితం ఉంది కాబట్టి తగాదా తెగుతుంది. పొలాన్ని ఎంత అందంగా ఫొటో తీసినా, అది ఏ సర్వే నంబరుదో తెలియకపోతే గోడకి తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు.

నౌక పంపిన ఫొటో కూడా అంతే. ఆ క్షణంలో నౌక ఎక్కడుంది, కింద ఉన్న గ్రహం ఆకారమేమిటి, అది ఎంత తిరిగి ఉంది, కెమెరాని నౌకకి ఏ కోణంలో బిగించారు, నౌక ఎటు మొహం పెట్టి ఉంది, అప్పుడు ఏ పని చేస్తోంది — ఇవన్నీ తెలిస్తేనే ఆ ఫొటో సైన్సుకి పనికొస్తుంది. ఈ సమాచారాన్ని ఫైళ్లుగా కట్టి దాచే పద్ధతే స్పైస్. ఆ ఫైళ్లని కెర్నళ్లు అంటారు. కాలిఫోర్నియాలో నాసాకి చెందిన పరిశోధనశాల జేపీఎల్‌లో నైఫ్ అనే చిన్న బృందం దీన్ని నడుపుతుంది. ఐరోపా వాళ్లకి మాడ్రిడ్ దగ్గర ఇలాంటి సేవే ఒకటి ఉంది. సాఫ్ట్‌వేరు, పాఠాలు అన్నీ ఉచితం. మీ అమ్మాయి వీటికి మీ దగ్గర డబ్బులు అడగకపోవడం మీరు గమనించారో లేదో.

మీరు తెరిచి చూసిన అంకెల్లో నైఫ్0012 అనే చిన్న ఫైలు ఉండే ఉంటుంది. ఈ పని మొదలుపెట్టే ప్రతివాళ్లూ మొదట ఎక్కించుకునే ఫైళ్లలో అదొకటి. 1972 నుంచి మన గడియారాలకి అప్పుడప్పుడు ఒక్కో సెకను చొప్పున కలుపుతూ వచ్చిన లీపు సెకన్ల పట్టిక అది. చివరి వరుస 2017 జనవరి 1. స్పైస్ లెక్కలు కట్టే సమయానికీ మన గడియారాల అంతర్జాతీయ సమయానికీ ఇప్పుడు 69 సెకన్ల పైచిలుకు తేడా ఉంది. పిల్లలు ఒక సమయాన్ని ఇంకోదానిలోకి మార్చడం మర్చిపోయేది సరిగ్గా ఇక్కడే. చంద్రుడికి 100 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే చంద్రయాన్-2 ఆర్బిటర్ సెకనుకి 1.6 కిలోమీటర్లు పోతుంది. 69 సెకన్లు తప్పితే 110 కిలోమీటర్లు తప్పినట్టే. తణుకులో తీసిన ఫొటో మీద విజయవాడ అని రాసినంత తప్పు. ఆ పట్టికని మీరు గుమాస్తా పని అంటున్నారు.

చంద్రయాన్-1 సంగతి మీ అమ్మాయి మీకు చెప్పిందో లేదో, నేను చెబుతాను. 2008 అక్టోబరు 22న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. దాని మీద నాసా వాళ్ల ఎం-త్రీ అనే పరికరం ఉంది, చంద్రుడి మీద ఏ ఖనిజం ఎక్కడుందో చూసేది. నౌక ఎటు చూస్తోందో నక్షత్రాలని బట్టి చెప్పేవి స్టార్ సెన్సర్లు. అక్కడికి వెళ్లాక ఒకదాని తర్వాత ఒకటి రెండూ పాడయ్యాయి. 2009 మేలో కక్ష్యని 100 నుంచి 200 కిలోమీటర్లకి పెంచాల్సి వచ్చింది, ఆగస్టు చివర్లో సంబంధమే తెగిపోయింది. ఇప్పుడు ఆలోచించండి. పరికరం పని చేసింది, డేటా వచ్చింది. కానీ ఆ క్షణంలో నౌక ఎటు తిరిగి ఉందో సరిగా తెలియదు. 200 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే కింద మూడున్నర కిలోమీటర్లు జరిగిపోతుంది. ఎఫ్‌ఎంబీ పోయిన ఊరన్నమాట.

అప్పుడు ఆ పరికరం బృందం ఏం చేసిందంటే, ఇంకో నౌక లేజర్‌తో కొలిచిన చంద్రుడి ఎత్తుపల్లాల పటాన్ని తీసుకుని, ఎం-త్రీ చిత్రాల్ని దానితో సరిపోల్చుకుంటూ, నౌక ఎటు చూసి ఉంటుందో వెనక్కి లెక్క కట్టింది. సరిచేసిన స్థానాలతో డేటాని మళ్లీ నౌకల డేటా దాచే భాండాగారంలో పెట్టారు, ఎలా సరిచేశారో 2011లో వ్యాసం కూడా రాశారు. ఆ భాండాగారంలోని డేటానే తవ్వి 2018లో పరిశోధకులు చంద్రుడి ధ్రువాల దగ్గర, ఎండ పడని గుంటల్లో, పైకే కనిపించే మంచు ఉందని చూపించారు. నౌక మూగబోయిన తొమ్మిదేళ్లకి! ధ్రువం దగ్గర ఫలానా గుంట అని చెప్పగలిగారంటే, ఎవరో కూర్చుని ఆ దిశల లెక్క సరిచేసి, పేరు పెట్టి, వివరం రాసి దాచబట్టే.

శుక్రుడి మీద కూడా ఇంతే. నాసా వాళ్ల మెజెల్లాన్ నౌక 1991లో ఫిబ్రవరిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి తీసిన రాడార్ చిత్రాల్ని పక్కపక్కన పెట్టి, ఒక అగ్నిపర్వత బిలం ఆకారం మారిందని 2023లో కనిపెట్టారు. ముప్ఫై ఏళ్ల పాత ఫైళ్లు. రెండుసార్లూ నౌక వేరే దిశల నుంచి చూసింది కాబట్టి ఆ కోణాలు తెలియకపోతే ‘బిలం మారిందా, మన చూపు మారిందా’ అన్నది తేల్చలేరు.

ఇక పోలిక. డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు. కానీ ఒక తప్పు ఒప్పుకోవాలి. 2018, 2019ల్లో నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామందిని నేనే ‘డేటా సైన్స్‌కి వెళ్లు’ అని పంపాను. అప్పుడు అది సబబుగానే తోచింది. ఇప్పుడు వాళ్లలో కొందరు తిరిగొచ్చి కూర్చుంటున్నారు. అందరి రెజ్యూమెలోనూ అవే నాలుగు ప్రాజెక్టులు, ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ప్రయాణికుల జాబితా. చిన్న ఉద్యోగాల్లో చేయించే పనిలో కొంత ఇప్పుడు ఏఐయే చేసేస్తోంది. డేటా ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగితే ఆ పిల్లలు తెల్లమొహం వేస్తారు. మీ బావమరిది కొడుకు వెళ్లిన రోజులు వేరు, ఆ తలుపు ఇంకో తరానికి అంతే వెడల్పుగా తెరుచుకుని ఉంటుందని నేను పూచీ ఇవ్వలేను. చదువయ్యాక స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగ్, లెక్కలు) వాళ్లకి అక్కడ పని చేసుకోవడానికి మూడేళ్లు, ఆ తర్వాత హెచ్1బీ వీసా లాటరీ. అందరూ దాన్ని లాటరీ అనే పిలుస్తారు. ఆ మాట మీద 40 లక్షలు పెట్టే ముందు, షాపులో కొత్త కంపెనీ సరుకు దింపడానికి మీరు ఎన్నిసార్లు ఆలోచిస్తారో అన్నిసార్లు ఆలోచించండి.

ఇంకో రకం ఫ్యాషన్ కూడా వచ్చింది, ‘స్పేస్ ఏఐ’ కోర్సులు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు అలాంటి చోట 80 వేలు కట్టాడు. రాకెట్ బొమ్మ ఉన్న సర్టిఫికెట్ వచ్చింది. ‘ఏ ఫైలు తెరిచావు నాన్నా?’ అంటే పైథాన్ వీడియోలు చూశానన్నాడు. మీ అమ్మాయి ఆ దారి పట్టలేదు, అసలు ఫైలే తెరిచింది. నాకు ధైర్యం ఇచ్చేది అదే.

అయితే తన దారిలో ముళ్లు లేవని నేను చెప్పను. జేపీఎల్‌లో అమెరికా పౌరులు కానివాళ్లకి ఉద్యోగం దొరకడం చాలా కష్టం, ఎగుమతి నియంత్రణ చట్టాలు అడ్డం. ఐరోపా సంస్థలో పర్మినెంటు ఉద్యోగాలు దాదాపుగా సభ్యదేశాల వాళ్లకే. ఇస్రోలో ఈ పని బెంగళూరు దగ్గర బ్యాలాలులోని డేటా కేంద్రంలో జరుగుతుంది, చంద్రయాన్-2 డేటాని ఇస్రో వాళ్ల ప్రదాన్ అనే వెబ్ పోర్టల్‌లో అంతర్జాతీయ ప్రమాణంలోనే బయట పెట్టారు. కానీ ‘భాండాగార శాస్త్రవేత్త కావలెను’ అని ప్రకటన రాదు. మామూలు సైంటిస్ట్/ఇంజనీర్ పోస్టుల్లో చేరి ఆ వైపు వెళ్లాలి, లేదా అహ్మదాబాద్‌లోని పరిశోధనశాల పీఆర్‌ఎల్ లాంటి చోట పీహెచ్‌డీ చేయాలి. వాటికి రాయాల్సిన పరీక్షల సంగతి తనకి నాకన్నా బాగా తెలుసు, ఇక్కడ చెప్పను. ఈ పని మాత్రమే చేస్తానని కూర్చుంటే దేశం మొత్తం మీద కుర్చీలు తక్కువ. ఇది దాచి మిమ్మల్ని ఓదార్చడం నాకిష్టం లేదు.

కానీ ఈ పని నేర్చుకున్న చెయ్యి ఖాళీగా ఉండదు. సమయాలు, అక్షాలు, కోణాలు తప్పు లేకుండా మార్చడం, ఏ వెర్షన్ ఎందుకు మారిందో రాయడం, డేటాకి వివరాల చీటీ కట్టడం — భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలకీ ఇదే కావాలి. హైదరాబాద్ బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల పని చూసే ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది, షాద్‌నగర్‌లో దాని గ్రౌండ్ స్టేషన్ ఉంది. ఉపగ్రహాలు తయారుచేసే ప్రైవేటు కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మ్యాపుల కంపెనీలు, డ్రోన్ సర్వేలు సరేసరి. ఏదీ కుదరకపోయినా, ఈసీఈ చదివి, కోడ్ రాయగలిగి, లెక్కలో 69 సెకన్లు ఎక్కడ పోయాయో పట్టుకోగల పిల్లని సాఫ్ట్‌వేర్ కంపెనీ వద్దంటుందా? ఎంఎస్ కూడా ఎక్కడికీ పారిపోదు, రెండేళ్లు ఉద్యోగం చేశాకైనా వెళ్లొచ్చు.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. తను లేనప్పుడు ల్యాప్‌టాప్ తెరవడం ఏమిటండీ? ఇరవై ఏళ్ల పిల్ల. ఎదురుగా కూర్చుని ‘ఇదేమిటమ్మా’ అని అడిగితే చెప్పేది కదా. ఇంకొకటి, ‘ఆడపిల్ల’ అన్న మాట. అబ్బాయి అయితే ఈ ఉత్తరం రాసేవారా? అబ్బాయి రాకెట్ బొమ్మ గీస్తే ఫ్రేము కట్టిస్తారు, అమ్మాయి నౌక దారి లెక్కలు కడితే సంబంధాల దగ్గర ఏం చెప్పాలని బెంగ. లోన్ మాట్లాడి ఉంచానన్నారు, తనతో మాట్లాడారా? ఉత్తరంలో ఆ సంగతి ఒక్క ముక్క లేదు.

చేయాల్సింది ఇది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకి తను మామూలుగానే కూర్చోవాలి, ఆ విషయంలో నేను మీ పక్షం. ఈలోగా ఈ వేసవిలో ప్రదాన్ నుంచి చంద్రయాన్-2 చిత్రం ఒక్కటి తీసుకుని, దాని నాలుగు మూలలు చంద్రుడి మీద ఎక్కడ పడతాయో సొంతంగా లెక్క కట్టమనండి. చిత్రంతో పాటు వచ్చే లేబుల్‌లో ఇచ్చిన స్థానాలకి తన జవాబు ఎంత దూరంలో ఉందో, ఎందుకు తేడా వచ్చిందో పది పేజీల్లో రాయమనండి. ఏ సర్టిఫికెట్ కన్నా ఆ పది పేజీలే ఇంటర్వ్యూలో మాట్లాడతాయి. తేడా రాకపోతే ఇంకా అనుమానించమనండి, మొదటిసారే సరిపోయిన లెక్కని ఈ పనిలో ఎవరూ నమ్మరు.

మీరు ఒక ఆదివారం షాపు మధ్యాహ్నమే కట్టేసి తన పక్కన కూర్చోండి. మీకు నచ్చిన తేదీ, టైము ఒకటి చెప్పి, అప్పుడు చంద్రయాన్-2 ఎక్కడుందో చూపించమనండి. లోన్ కాగితాల మీద సంతకం ప్లేస్‌మెంట్లు తేలేదాకా ఆపండి. తను పది పేజీలు రాశాక నాకు పంపించమనండి, చదివి నాలుగు మాటలు రాస్తాను. మీ ద్వారా కాదు, తననే పంపమనండి.