ఆవిరి ఇంజన్ నీళ్ళ కోసం ఆగినప్పుడు

ప్రశ్న: ఆవిరి ఇంజన్లు బొగ్గు కంటే నీళ్ళ కోసమే ఎక్కువసార్లు ఆగేవట, ఎందుకు? అంతసేపూ డ్రైవరు, బొగ్గు వేసే ఫైర్‌మన్ ఏం చేసేవారు? నీళ్ళు నేరుగా బాయిలర్‌లోకే పోసేవారా?

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు గానీ, కాదు. ఒత్తిడితో ఉన్న బాయిలర్‌కి మూత తీయడం కుదరదు. నీళ్ళు పట్టేది ఇంజన్ వెనక తగిలించి, బొగ్గూ నీళ్ళూ మోసే టెండర్ అనే బండిలోకి, అక్కణ్ణుంచి ఇంజెక్టర్ అనే పరికరం ఆవిరి బలంతోనే వాటిని బాయిలర్‌లోకి తోస్తుంది. ఇక ఎందుకు ఆగాలంటే, సిలిండర్లలో పనిచేసిన ఆవిరి పొగగొట్టంలోంచి గాల్లోకి పోతుంది, మళ్ళీ చేతికి రాదు. కిలో బొగ్గు కాలిస్తే ఆరేడు కిలోల నీళ్ళు ఆవిరవుతాయి. అమెరికాలోని బిగ్ బాయ్ ఇంజన్ టెండర్‌లో 90 వేల లీటర్లకు పైగా పట్టేవి, అదీ దారిలో ఆగక తప్పేది కాదు.

అసలు ఆపడమే ఒక నేర్పు. టెండర్ పైమూత సరిగ్గా వాటర్ కాలమ్ (పట్టాల పక్కన నీళ్ళు పోసే స్తంభం) గొట్టం కిందికి రావాలి. బరువైన గూడ్స్‌ని అలా అడుగుల లెక్కన ఆపడం కష్టం కాబట్టి, కొన్నిచోట్ల బండిని వెనకే వదిలి ఇంజన్‌ని మాత్రమే తీసుకెళ్ళేవారు. ఫైర్‌మన్ టెండరెక్కి మూత తీసి గొట్టం లోపలికి పెడతాడు, కింద ఉన్నవాళ్ళు వాల్వ్ తిప్పుతారు. ట్యాంకు నిండేలోపు డ్రైవరు నూనె డబ్బాతో ఇంజన్ చుట్టూ తిరిగి, బేరింగులు వేడెక్కాయేమోనని చెయ్యి పెట్టి చూసుకుంటాడు. దీన్ని విశ్రాంతి అనడానికి నాకు మనసొప్పదు. వెళ్ళేముందు వాల్వ్ కట్టేసి, గొట్టంలో మిగిలిన నీళ్ళు కారిపోయాక దాన్ని పక్కకి తిప్పి కదలకుండా పెట్టాలి, మరిచిపోతే తర్వాత వచ్చే బండికి తగులుతుంది.

నీళ్ళు సరిపోతాయా లేదా అన్నది ప్రాణాలతో ముడిపడిన టెన్షన్. బొగ్గు మండే ఫైర్‌బాక్స్ పైరేకు మీద ఎప్పుడూ నీళ్ళు ఉండాలి. అది బయటపడితే మంట వేడికి లోహం మెత్తబడి, లోపలి ఒత్తిడికి బాయిలర్ పేలిపోతుంది. అందుకే బాయిలర్‌లో నీటిమట్టం చూపే గేజ్ గ్లాసు మీంచి చూపు తిప్పేవారు కాదు. నీళ్ళు అందవని తేలితే బండి ఆలస్యమైనా సరే, నిప్పుని బయటికి లాగేసేవారు.

ఆగకుండా నీళ్ళు పట్టే పద్ధతీ ఉండేది. 1860లో బ్రిటన్‌లో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంజనీరు పట్టాల మధ్య పొడవాటి నీళ్ళ తొట్టి పెట్టించాడు. పరిగెడుతూనే ఫైర్‌మన్ టెండర్ కిందున్న చేట లాంటి మూతిని అందులోకి దించేవాడు, నీళ్ళు వేగానికి వాటంతటవే పైకెక్కేవి. ట్యాంకు నిండకముందే ఎత్తేయాలి. నీళ్ళ తోపుకి అది సులువుగా పైకి రాదు, ఆలస్యమైతే పొంగిన నీళ్ళు మొదటి పెట్టెలో కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళని తడిపేసేవి.